పనిముట్ల తయారీదారునకు ప్రత్యేక ప్రదర్శనల వలన కలుగు లాభములు

కృష్ణా డెల్టాలో ట్రాక్టరు గల రైతుకు విజయవాడ ఆటోనగర్‌తో ఏదో ఒక విధముగా పని పడక తప్పదు. ట్రక్కు ఇరుసు వంగినను, రోటవేటరు కత్తులు అరిగినను, దమ్ము చక్రము విరిగినను బండి అక్కడికే పోవును. జవహర్ ఆటోనగర్ అను పూర్తి పేరుతో 1960వ దశకములో ఏర్పడిన ఈ పారిశ్రామికవాడ మొదట లారీల మరమ్మతునకు, బాడీల నిర్మాణమునకు పేరు పొందినది. మద్రాసు - కలకత్తా రహదారియు, హైదరాబాదు - బందరు రహదారియు విజయవాడలో కలియుట వలన లారీల పనికి కొదువ లేకపోయెను. లారీల పని నేర్చిన చేతులే క్రమముగా ట్రాక్టరు ట్రక్కులు, దమ్ము చక్రములు, చదును బల్లలు, యంత్రముల విడిభాగములు చేయుటకు పూనుకొన్నవి.

ఇట్టి చోట ఒక్కొక్క షెడ్డునకు ఒక్కొక్క విద్య. ఒకరు లేతు పని మాత్రమే చేయుదురు. ఒకరు కమాను పట్టీలు, ఒకరు రేడియేటర్లు, మరియొకరు దమ్ము చక్రములు. ఒకే పనిని పదేండ్లు చేసిన చేతికి ఆ పనిలో వచ్చు నేర్పు అన్ని పనులు చేయువానికి రాదు. కాని ఈ ప్రత్యేకతలో ఒక చిక్కు కూడ కలదు. దమ్ము చక్రము చేయువాడు దానిని దుకాణదారునకు అమ్మును. దుకాణదారుడు రైతుకు అమ్మును. చక్రము ఏ నేలలో తిరిగినదో, ఎన్ని ఎకరములు దమ్ము చేసినదో, ఎక్కడ పగిలినదో చేసినవానికి తెలియదు. చేసినవాడు ఎవరో రైతుకు తెలియదు. పగిలిన చక్రమును రైతు తన ఊరి వెల్డింగు షాపులో అతుకు వేయించుకొని, మరుసటి సంవత్సరము మరియొక దుకాణమునకు పోవును. తయారీదారుడు మాత్రము నిరుటి కొలతలతోనే ఈ ఏడు కూడ చక్రములు చేయుచుండును.

ఈ ఎడమును తొలగించుటకు మంచి సాధనము ప్రత్యేక ప్రదర్శన. ఒకే పంటకో, ఒకే విధమైన పనిముట్లకో పరిమితమై, ఆ పనితో నిత్యము సంబంధము గలవారు మాత్రమే వచ్చు ప్రదర్శనకు ఈ పేరు చెల్లును. అందు స్టాలు పెట్టుట వలన చిన్న తయారీదారునకు కలుగు లాభమేమి, దానిని పొందుటకు చేయవలసినదేమి, పోయిన రైతులు గమనింపవలసినదేమి అను విషయములు ఈ వ్యాసమున వివరింపబడినవి.

పెద్ద ప్రదర్శన - ప్రత్యేక ప్రదర్శన

మన తెలుగు ప్రాంతములలో ప్రదర్శన అనగానే హైదరాబాదు నుమాయిషు గుర్తుకు వచ్చును. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్సులో సుమారు నూరు స్టాళ్ళతో దీనిని ప్రారంభించిరి. తరువాత అది నాంపల్లికి మారి, నేటికిని ఏటేట జరుగుచున్నది. అక్కడకు కుటుంబములతో లక్షలాది జనులు వత్తురు. బట్టలు, తినుబండారములు, ఇంటి సామానులు అమ్మువారికి అది బంగారు గని. కాని దమ్ము చక్రమును అక్కడ నిలిపినచో దానిని చూచి పిల్లలు సంతోషింతురే కాని, కొనువారు అరుదు. వేయిమంది చూచిరను తృప్తితో షెడ్డు అద్దె చెల్లదు.

వ్యవసాయమునకే చెందిన పెద్ద ప్రదర్శనల ప్రయోజనము వేరు. 1959 డిసెంబరులో ఢిల్లీలో భారత కృషక్ సమాజము ఆధ్వర్యమున ప్రపంచ వ్యవసాయ ప్రదర్శన ప్రారంభమైనది. అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవరు ప్రారంభోత్సవమునకు వచ్చెను. ఇతర దేశముల సేద్యము ఎట్లున్నదో అది మన రైతులకు కండ్లకు కట్టినట్లు చూపినది. అట్టి ప్రదర్శనల వలన దేశమునకు విజ్ఞానము కలుగును. అయినను నలుగురు పనివారితో నడుచు షెడ్డు యజమానికి అంత పెద్ద సభలో తన గొంతు వినిపించుట కష్టము.

ఈ విషయమును పడమటి దేశములవారు అనుభవముతో గ్రహించిరి. జర్మనీలో 1885లో మాక్స్ ఐత్ అను ఇంజనీరు స్థాపించిన వ్యవసాయ సంఘము పశువులను, యంత్రములను, పంటలను ఒకే చోట చూపు సంచార ప్రదర్శనలు చాలకాలము నడిపెను. శతాబ్దము గడచిన పిమ్మట, 1985లో, అదే సంఘము యంత్రములకే ప్రత్యేకించి అగ్రిటెక్నికా అను ప్రదర్శనను ఫ్రాంక్‌ఫర్టులో మొదలుపెట్టినది. 1995 నుండి అది హానోవరు నగరములో జరుగుచున్నది. ఈనాడు ఒక్క బేరింగు, ఒక్క గొట్టము, ఒక్క కత్తి మాత్రమే చేయు చిన్న కంపెనీలు కూడ అందు పాల్గొని, ట్రాక్టరు కంపెనీల ఇంజనీర్లతో ముఖాముఖి మాట్లాడగలుగుచున్నవి.

మన విజయవాడలోనే దీనికి దగ్గర ఉదాహరణ కలదు. సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఆక్వా అక్వేరియా ఇండియా అను ప్రదర్శనను 2013లోను, 2015లోను విజయవాడలో జరిపినది. రొయ్యలు, చేపలు, అలంకార చేపలు, వాటి మేత, హేచరీలు, చెరువు పరికరములు అందలి విషయములు. కైకలూరు, భీమవరము ప్రాంతముల చెరువు రైతునకు గాలి మరలు, అనగా ఏరేటర్లు, ప్రాణాధారము. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు మర ఆగిపోయినచో తెల్లవారేసరికి రొయ్య తేలిపోవును. అట్టి రైతు మరను చూచినపుడు రంగును చూడడు. గేరు పెట్టెలోనికి నీరు దిగునా, రెక్క విరిగిన విడిగా దొరకునా, ఎంత కరెంటు కాల్చును అని అడుగును. ప్రశ్న తెలిసినవాడు వచ్చుటయే ప్రత్యేక ప్రదర్శన గొప్పతనము.

చూపుట కాదు, చేసి చూపుట

1851లో లండను హైడ్ పార్కులో జరిగిన మహా ప్రదర్శనకు అమెరికా నుండి సైరస్ మెకార్మిక్ అను నతడు తన కోత యంత్రమును పంపెను. గాజు భవనములో కదలక మెదలక నిలిచియున్న దానిని చూచి పత్రికలవారు పరిహాసము చేసిరి. జూలై నెలలో ఎసెక్స్ జిల్లా టిప్‌ట్రీ అను చోట మెకీ అను నతని పొలములో పరీక్ష ఏర్పాటైనది. వాన కురియుచుండెను, గోధుమ ఇంకను పచ్చిగా ఉండెను. అయినను మెకార్మిక్ యంత్రము పైరును కోసి చూపెను. నవ్వినవారే మెచ్చుకొనిరి. దానికి ఆ ప్రదర్శనలో అత్యున్నత పతకము లభించినది.

అదే పరీక్షకు ఓబెడ్ హస్సీ అను మరియొక అమెరికను చేసిన యంత్రము కూడ వచ్చెను. కాని హస్సీ ఆ సమయమున అక్కడ లేడు. యంత్రము సంగతి తెలియని కూలీలు దానిని నడిపిరి. అది తడి పైరులో చిక్కుకొని నిలిచిపోయినది. అటుపిమ్మట అదే సంవత్సరము క్లీవ్‌లాండు ప్రాంతమున జరిగిన మరియొక పరీక్షలో హస్సీ యంత్రమే మేలనిపించుకొన్నది. కనుక లోపము కేవలము యంత్రములోనిది కాదు. దానిని ఎరిగినవాడు దాని ప్రక్కన లేకపోవుటలోనిది.

ఈ వృత్తాంతములో మన తయారీదారులకు రెండు పాఠములున్నవి. పనిముట్టును నీడలో నిలబెట్టుట కన్న బురదలో దింపుట మేలు. రెండవది, స్టాలులో కూర్చుండుటకు అమ్మకపు గుమాస్తాను మాత్రమే పంపరాదు. ఆ వస్తువును తన చేతులతో అతికిన పనివాడు కూడ ఉండవలెను.

కలుగు లాభములు

1. తగిన గిరాకీదారుడు దొరకును. దుకాణము ముందు నిలుచు పదిమందిలో దమ్ము చక్రము కావలసినవాడు ఒకడుండవచ్చును. వరి రైతుల మేళాలో పదిమందికి ఎనమండుగురు దమ్ము చేయువారే. అద్దె యంత్రముల కేంద్రములవారు, రైతు ఉత్పత్తిదారుల సంఘములవారు, ట్రాక్టరు డీలర్లు కూడ అక్కడికే వత్తురు. వీరు ఒక జతతో ఆగక పది జతలు కొనగలవారు.

2. ఫిర్యాదు వినబడును. ఇది అన్నిటికన్న పెద్ద లాభము. డెల్టా అంతయు ఒకే నేల కాదు. గుడివాడ వైపు బరువైన నల్లరేగడి. సముద్రతీరమునకు పోవుకొలది చవుడు, ఇసుక పాలు పెరుగును. బరువైన రేగడిలో అడ్డపట్టీల నడుమ బురద మెత్తుకొని చక్రము దుంగవలె అగును. అక్కడ పట్టీల ఎడము పెరుగవలెను. మెత్తని దిగుబడు నేలలో చక్రము వెడల్పు చాలకున్న ట్రాక్టరు కూరుకొనిపోవును. వెనుక రబ్బరు చక్రమును తీసివేసి బిగించు పూర్తి చక్రము కొందరికి కావలెను. రబ్బరు చక్రము ప్రక్కన బిగించు సగము చక్రము కొందరికి చాలును. ఈ భేదములు షెడ్డులో కూర్చున్నవానికి తెలియవు. ఒక్క పూటలో పది ఊళ్ళ రైతులు చెప్పిన మాటలు వినినచో వచ్చు ఏడాది నమూనా ఏదో తేలిపోవును.

3. అపోహ తొలగును. ఒక్కొక్కప్పుడు లోపము పనిముట్టులో ఉండదు, వాడుకలో ఉండును. డ్రమ్ సీడరుతో విత్తిన రైతు, గింజ సరిగా రాలుటలేదని చెప్పుట కలదు. విచారించినచో విత్తనము మొలక మరీ పొడవుగా వచ్చి, మొలకలు ఒకదానికొకటి పెనవేసుకొనినట్లు తెలియును. ఇరువదినాలుగు గంటలు నానబెట్టి, ఇరువదినాలుగు గంటలు మండెకట్టి, ముక్కు పగిలిన వెంటనే విత్తవలెను. డ్రమ్మును మూడింట రెండు పాళ్ళకు మించి నింపరాదు. ఈ రెండు మాటలు చెప్పి, అక్కడనే నడిపించి చూపినచో పనిముట్టు మీద పడిన నింద తొలగును. చెప్పువాడు లేనియెడల ఆ నింద ఊరంతయు వ్యాపించును.

4. పేరు నిలుచును. డీలరు ద్వారా పోవు సరుకుపై చేసినవాని గుర్తు ఉండదు. ప్రదర్శనలో రైతు తయారీదారుని ముఖము చూచును, షెడ్డు ఎక్కడనో తెలిసికొనును. దమ్ము నడుమ చక్రము విరిగినపుడు ఎవరి వద్దకు పోవలెనో తెలిసియుండుట రైతునకు ఎంతో ధైర్యము. కాలువ చివరి శివారు గ్రామములలో నీరు అందుబాటులో ఉండు దినములు తక్కువ. అక్కడ రెండు రోజులు ట్రాక్టరు నిలిచినచో నారు ముదురును, వంతు నీరు దాటిపోవును. కనుక ఆ రైతు కొనునది ఇనుము మాత్రమే కాదు; పిలిచిన పలుకు మనిషిని కూడ కొనుచున్నాడు.

5. తోటి పనివారితో సంబంధము కుదురును. పోటీదారుల వస్తువులను చూచుటకు ఇంతకు మించిన అవకాశము లేదు. మంచి ఉక్కు ఎక్కడ దొరకును, కత్తులకు పదును ఎట్లు పెట్టుచున్నారు, బేరింగునకు బురద తగులకుండ ఏ సీలు వాడుచున్నారు అనునవి చూచి నేర్చుకొనవచ్చును. పరిశోధనా కేంద్రముల ఇంజనీర్లు, వ్యవసాయ శాఖ అధికారులు అక్కడనే ఉందురు గనుక పనిముట్ల పరీక్ష, నమోదు మొదలగు విషయములు కూడ తెలియును.

ఏ ప్రదర్శనకు పోవలెను?

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. కాలువలకు నీరు వదలిన పిమ్మట దమ్ము చక్రములు చూపబోవుట వలన ఫలము లేదు. అప్పటికి రైతు ఏదో ఒకటి కొనియుండును, లేదా పాతదానికే అతుకు వేయించియుండును. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు కృష్ణా డెల్టాకు చేరుచుండుట వలన, ఆ నీరు అందిన ఏండ్లలో నాట్ల పని ముందుకు జరుగుటకు వీలు కలిగినది. కావున ఖరీఫు పనిముట్లను ఏప్రిల్, మే నెలలలోనే చూపవలెను. వరి కోతల అనంతరము వచ్చు మినుము, మొక్కజొన్నలకు కావలసిన పనిముట్లను అక్టోబరు లోపుగా చూపవలెను. ఆర్డరు తీసికొని వస్తువు చేయుటకు పట్టు కాలమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

స్టాలునకు డబ్బు కట్టకముందు నిర్వాహకులను ఈ క్రింది ప్రశ్నలు అడుగవలెను. వచ్చువారు ఏ పంట రైతులు? ఏ మండలముల నుండి వత్తురు? పనిముట్టును నడిపి చూపుటకు నీరు పెట్టిన మడి ఉండునా? బరువైన సరుకు దింపుటకు దారి ఉన్నదా? గత సంవత్సరము పాల్గొన్నవారిని కలిసి మాట్లాడవచ్చునా? సరియైన జవాబు రానిచో ఆ డబ్బును షెడ్డులోనే ఉంచుకొనుట మంచిది. అడుగనిదే అమ్మయినను పెట్టదు గదా.

పరిశోధనా స్థానములలోను, కృషి విజ్ఞాన కేంద్రములలోను జరుగు కిసాన్ మేళాలు, క్షేత్ర దినోత్సవములు మొదటిసారి పోవువారికి అనుకూలమైనవి. అక్కడ పొలము ఉండును. వచ్చువారు సేద్యము చేయువారే. అక్కడ కొంత అనుభవము గడించిన పిమ్మట కోయంబత్తూరులో కొడిస్సియా సంఘము జరుపు అగ్రి ఇంటెక్స్ వంటి దూరపు ప్రదర్శనలకు పోవచ్చును. మోటారు పంపులకు పేరుగన్న ఆ నగరములో చిన్న పరిశ్రమలవారు సంఘముగా ఏర్పడి స్వయముగా ప్రదర్శన నడుపుట మన ఆటోనగర్ వారు చూచి రాదగిన విషయము.

సన్నాహము

స్టాలులో పది రకములు పేర్చుట పొరపాటు. తాను బాగుగా చేయు ఒక్క వస్తువును, మిక్కిలి అయిన రెంటిని, తీసికొనిపోవలెను. క్రొత్తదాని ప్రక్కన రెండు పంటకాలములు పనిచేసి అరిగినదానిని కూడ ఉంచినచో రైతు నమ్మును. ఏ భాగము ఎంత అరిగినదో అతడే వ్రేలు పెట్టి చూచుకొనును. ఒక బల్లపై పెద్ద అక్షరములతో ఈ వివరములు వ్రాయింపవలెను: బరువు, పట్టీ మందము, ఎన్ని గుర్రపు శక్తి గల ట్రాక్టరునకు సరిపోవును, పన్నులతో కలిపి ధర, ఆర్డరు ఇచ్చిన ఎన్ని దినములకు అందును, విరిగినచో ఎవరు బాగుచేయుదురు. ధర చెప్పక దాచువానిపై రైతునకు అనుమానము కలుగును.

బురద మడిలో నడిపి చూపునపుడు తన డ్రైవరే నడుపుట కాక, వచ్చిన రైతు డ్రైవరు చేతికి కూడ ఇయ్యవలెను. ట్రాక్టరునకు, పనిముట్టునకు నడుమ తిరుగు షాఫ్టుపై కవచము లేకుండ ఎన్నడును నడుపరాదు. ఇనుప దమ్ము చక్రములతో తారు రోడ్డు మీదికి రాకూడదు. ట్రక్కులో వేసికొని పోవలెను. రోడ్డును పాడుచేయుచు ప్రదర్శనకు వచ్చినవాడు తన పేరును తానే చెరుపుకొనినవాడగును.

స్టాలునకు ఒక రిజిస్టరు అత్యవసరము. అందు రైతు పేరు, ఊరు, ఫోను నంబరు, నేల స్వభావము, ట్రాక్టరు శక్తి, సాగు విస్తీర్ణము, ఇప్పుడు వాడుచున్న పనిముట్టులోని ఇబ్బంది వ్రాసికొనవలెను. ఫోను నంబరు ఎందుకో చెప్పి, అతని సమ్మతితోనే తీసికొనవలెను. ఈ కారులోనే కొనువారిని ఒక గుర్తుతోను, వచ్చు ఏడు కొనువారిని మరియొక గుర్తుతోను వేరుపరచినచో తరువాతి పని సులువగును.

క్రొత్త రూపమును కాపాడుకొనుట

తయారీదారుడు క్రొత్త నమూనా కనిపెట్టినచో, దానిని ప్రదర్శించుటకు ముందే రక్షణ గురించి ఆలోచింపవలెను. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము ప్రకారము రూపము, ఆకృతి నమోదు కావలెనన్న అది అంతకు ముందు బహిరంగము కానిదై యుండవలెను. కేంద్ర ప్రభుత్వము గుర్తించి ప్రకటించిన ప్రదర్శనలకు మాత్రము, ముందుగా నోటీసు ఇచ్చి, ఆరు నెలలలోగా దరఖాస్తు చేయువారికి మినహాయింపు కలదు. నమోదైన డిజైనుకు మొదట పది సంవత్సరములు, పొడిగించినచో మరి అయిదు సంవత్సరములు రక్షణ ఉండును. పనిచేయు విధానమే క్రొత్తదైనచో అది పేటెంటు విషయమగును. దానికి కూడ ముందుగా దరఖాస్తు చేయుటయే క్షేమము. మేళాలో ఫోనుతో ఫొటో తీసికొనినవాడు వారము దినములలో అదే వస్తువును చేయగల కాలమిది. ముందు దరఖాస్తు, పిమ్మట ప్రదర్శన అను క్రమమును మరువరాదు.

లెక్క చూచుకొనుట

ఈ క్రిందిది మచ్చునకు వేసిన లెక్క మాత్రమే. ఎవరి అంకెలు వారు వేసికొనవలెను. మూడు దినముల మేళాకు స్టాలు అద్దె 8,000 రూపాయలు, రవాణా 6,000, ఇద్దరు పనివారి కూలి, భోజనములు 7,000, బోర్డులు, కరపత్రములు 4,000 అనుకొందము. మొత్తము 25,000 రూపాయలు. రిజిస్టరులో 120 మంది పేర్లు ఎక్కినవి. వారిలో ఈ ఏడే కొనదలచినవారు 30 మంది. జతకు 3,000 రూపాయలు మిగులుననుకొందము.

మేళా ముగిసిన తరువాత రిజిస్టరును మూలన పడవేసినచో, తమంతట తాము వచ్చువారు ముగ్గురు. మిగులు 9,000 రూపాయలు, నష్టము 16,000. పది దినములలోగా ఆ ముప్పదిమందికి ఫోను చేసి, కొందరి పొలములకు పోయి చూచినచో పదిమంది కొనవచ్చును. మిగులు 30,000 రూపాయలు. ఖర్చు పోగా లాభము 5,000 మాత్రమే. ఇది స్వల్పముగా తోచును. కాని ఆ పదిమంది చక్రములు దమ్ములో చక్కగా పనిచేసి, మరుసటి ఏడు ఒక్కొక్కరు ఒక్కొక్క పొరుగువానిని పంపినచో, స్టాలు ఖర్చు లేకయే మరియొక 30,000 రూపాయలు వచ్చును. ప్రదర్శన ఫలము మేళా దినములలో కాక రెండవ కారులో చేతికి వచ్చునని దీనివలన తెలియుచున్నది. మామిడి అంటు నాటినవాడు ఆ ఏడే పండ్లు కోయజూడడు గదా.

ఒంటరిగా ఈ ఖర్చు భరింపలేనివారు నలుగురైదుగురు కలిసి ఒక స్టాలు తీసికొనవచ్చును. దమ్ము చక్రముల వారు, ట్రక్కుల వారు, రోటవేటరు కత్తుల వారు ఒకరికొకరు పోటీ కారు; అందరి గిరాకీదారుడును ఒక్కడే. ఉద్యమ్ నమోదు గల సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు స్టాలు అద్దెలో కొంత భాగము తిరిగి చెల్లించు కేంద్ర పథకము కూడ కలదు. నిబంధనలను జిల్లా పరిశ్రమల కేంద్రములో ముందుగా కనుగొనవలెను.

చేయకూడని పనులు

సబ్సిడీ తప్పక వచ్చునని స్టాలులో వాగ్దానము చేయరాదు. వ్యవసాయ యాంత్రీకరణ పథకముల క్రింద సబ్సిడీ రావలెనన్న, పనిముట్టు గుర్తింపు పొందిన సంస్థలో పరీక్షింపబడి యుండవలెను. తయారీదారుడు శాఖవారి జాబితాలో ఉండవలెను. అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంతీయ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఇట్టి పరీక్షలు చేయును. నివేదిక చేతిలో ఉన్నవాడు దానిని స్టాలులో అందరికి కనబడునట్లు తగిలింపవచ్చును. లేనివాడు లేదని చెప్పుటయే మర్యాద.

ఒప్పుకొన్న గడువును దాటరాదు. షెడ్డులో నెలకు ఇరువది జతలు మాత్రమే తయారగునపుడు నలుబది జతలకు బయానా తీసికొనుట గిరాకీదారుని మోసగించుటయే. దమ్ము అదను దాటిన పిమ్మట చేరిన చక్రము రైతునకు పాత ఇనుముతో సమానము.

రైతులు గమనింపవలసినవి

ఇట్టి ప్రదర్శనల వలన తయారీదారునకు ఎంత మేలో, రైతునకు అంత మేలు. అయితే తిరిగి చూచి, కరపత్రములు సంచిలో వేసికొని వచ్చుటతో మేలు కలుగదు. పోవుటకు ముందే తన ట్రాక్టరు శక్తిని, చక్రపు బోల్టుల కొలతలను, విరిగిన భాగము ఫొటోను వెంట తీసికొనిపోవలెను. వీలైనచో ట్రాక్టరు నడుపు మనిషిని కూడ తీసికొనిపోవలెను. పనిముట్టు సంగతి అతనికే ఎక్కువ తెలియును. తన వంటి నేలలో దీనిని వాడుచున్న రైతు ఎవరు, ఏ ఊరు అని అడిగి, అతనితో మాట్లాడిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను. రసీదు లేని బయానా ఇయ్యరాదు. నచ్చనిదానిని నచ్చలేదని స్పష్టముగా చెప్పవలెను. మొగమాటమునకు బాగున్నదని చెప్పి వచ్చిన రైతు తనకును, తయారీదారునకును కూడ అపకారము చేసినవాడగును.

ఏ ప్రాంతములో ఏ ప్రదర్శన ఎప్పుడు జరుగునో సమీప రైతు సేవా కేంద్రములోను, మండల వ్యవసాయాధికారి కార్యాలయములోను తెలిసికొనవచ్చును. గ్రామ రైతులు పదిమంది కలిసి తమకు ఏ పనిముట్టు కావలెనో, ఉన్నదానిలో ఏమి మార్పు అవసరమో ఒక కాగితముపై వ్రాసికొనిపోయినచో తయారీదారునకు అంతకు మించిన కానుక లేదు.

ఆటోనగర్‌లో నేర్పునకు కొదువ లేదు. డెల్టాలో అవసరమునకు కొదువ లేదు. గుడివాడ రేగడి ఏమి అడుగుచున్నదో, దివిసీమ చవుడు ఏమి అడుగుచున్నదో షెడ్డులోని పనివానికి వినబడవలెను. వచ్చు వేసవిలో జరుగు మేళాకు ఒక్క పనిముట్టు, ఒక్క రిజిస్టరు, దానిని చేసిన ఒక్క మనిషి - ఈ మూడింటితో పోయి చూడుడు. కాలువకు నీరు వచ్చునాటికి, ఏ ఊరి బురదలో మీ చక్రము తిరుగుచున్నదో మీకు తెలిసియుండును.